ఆ ఆటను ఎవరూ సరిదిద్దకపోవడమే మంచిదైంది

2024 సెప్టెంబరులో జపాన్ వీడియో గేమ్ సంస్థ క్యాప్‌కామ్ మార్వెల్ కామిక్స్ పాత్రలతో చేసిన ఏడు పాత వీడియో ఆటలను ఒక సంకలనంగా మళ్లీ విడుదల చేసింది. ఆ సందర్భంలో చదివిన ఒక అభిప్రాయమే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. రాసిన వ్యక్తికి ఆటలంటే ప్రాణమని ప్రతి వాక్యంలోనూ తెలుస్తూనే ఉంది. వాటిలో ఒకటైన, రెండు కంపెనీల పాత్రలూ జట్లుగా తలపడే పోరాట ఆట మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 తిరిగి దొరుకుతున్నందుకు ఆయన సంబరపడ్డాడు. దూరాన ఉన్నవాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడుకునే ఏర్పాటును మెచ్చుకున్నాడు. చివరికి వచ్చేసరికి మాత్రం ఒక అసంతృప్తి. 24 ఏళ్లు గడిచాయి కదా, ఇప్పుడైనా పాత్రల బలాబలాలను సరిచేసి ఉండవలసింది, 56 మందిని చేతికిచ్చి నలుగురికే పట్టం కడితే మిగతావాళ్లు ఎందుకు అని.

ఈ మాట చాలామందికి న్యాయంగా తోస్తుంది. నాకు మాత్రం, ఆ ఆట ఇన్నేళ్లు ఎలా బతికిందో పట్టించుకోకుండా అన్న మాటగా తోచింది. తయారుచేసినవాళ్లు 2000లో దాన్ని జనం చేతిలో పెట్టాక బలాబలాల జోలికి మళ్లీ పోలేదు. పోకపోవడం వల్లే ఆ ఆట అంత లోతుకు వెళ్లిందని నా గట్టి నమ్మకం. ఇవాళ్టి పోరాట ఆటల్లో కొన్ని నెలలకోసారి ప్యాచ్, అంటే ఆట ప్రోగ్రామును మార్చే సవరణ, వస్తుంది. ఒకరి దెబ్బ బలం తగ్గుతుంది, ఇంకొకరి వేగం పెరుగుతుంది. ఆటగాళ్లు కష్టపడి నేర్చుకున్నది అరకొరగా ఉండగానే చెరిగిపోతుంది. ఇది మంచి అలవాటు కాదని నా వాదన. ఎదురుగా గట్టి అభ్యంతరాలు ఉన్నాయని తెలుసు. వాటిని దాటవేయను.

1994 నుంచి వచ్చిన బలం

మాగ్నీటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్. ఈ ఆట తెలిసినవాళ్లు ఈ నలుగురినీ దేవుళ్లనే అంటారు. వీళ్లు ఎందుకింత బలవంతులయ్యారో తెలిస్తే, దాన్ని ఉత్త పొరపాటు అని కొట్టిపారేయలేం.

వీరిలో కేబుల్ ఒక్కడే కొత్తగా గీసినవాడు. మిగతా ముగ్గురూ 1994లో వచ్చిన ఎక్స్-మెన్: చిల్డ్రన్ ఆఫ్ ది ఆటమ్ నుంచి నడిచివచ్చినవాళ్లు. ఆ ఆటలో అందరూ అతీత శక్తులు ఉన్నవాళ్లే. గాలిలో తేలడం, దూసుకుపోవడం అక్కడ వింతేమీ కాదు. మాగ్నీటో అయితే చివర్లో ఎదురయ్యే బాస్. రెండేళ్ల తర్వాత ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌లో ఇదే ప్రపంచంలోకి క్యాప్‌కామ్ వారి స్ట్రీట్ ఫైటర్ పాత్రలు ర్యూ, చున్-లీ వచ్చారు. స్ట్రీట్ ఫైటర్ పుట్టుకే వేరు. అక్కడ ఒకసారి ఎగిరితే విల్లులా వంగి దిగడమే తప్ప మధ్యలో దారి మార్చుకునే వీలు లేదు. ఎప్పుడు ఎగరాలి, ఎప్పుడు నేల మీద ఆగాలి అన్న నిర్ణయమే అక్కడ ఆట. ఎగరడమే బతుకుగా ఉన్నవాళ్లనూ, ఎగరాలంటే పదిసార్లు ఆలోచించేవాళ్లనూ ఒకే బరిలోకి దించితే ఎవరిది పైచేయి అవుతుందో చెప్పనక్కర్లేదు. 2000 నాటికి ఈ వరుసలో పేరుకున్న పాత బొమ్మలన్నీ దాదాపు అలాగే కొత్త ఆటలోకి వచ్చాయి. ఆర్కేడ్ మెషీన్లను నడిపే సెగా వారి నయోమీ బోర్డు మీద వెనక దృశ్యాలు మాత్రం త్రీడీలోకి మారాయి. మార్వెల్ నుంచి 28 మంది, క్యాప్‌కామ్ నుంచి 28 మంది. ముందు ఆటల్లో జట్టుకు ఇద్దరైతే ఇందులో ముగ్గురు.

ముగ్గురు కావడంతో లెక్కే మారిపోయింది. వేర్వేరు పాత్రలతో కట్టగలిగే జట్లు 27,720. ప్రతి పాత్రకూ మూడు రకాల అసిస్ట్‌లు, అంటే బయట ఉన్నవాడు ఒక్క క్షణం లోపలికి వచ్చి చేసిపోయే సాయం. వాటిని కూడా కలుపుకుంటే 7,48,440 జట్లు. ఒక జట్టు ఇంకొక జట్టుతో తలపడితే ఎన్ని జతలవుతాయో మీరే ఊహించుకోండి. ఏ కంపెనీలోనైనా పరీక్షకులు నెలల తరబడి ఆడి ఇందులో ఎంత చూడగలరు? ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో వాళ్లకు ముందే తెలిసే అవకాశం లేదు. ఆడేవాళ్లే, ఏళ్ల తరబడి, లక్షల సార్లు ఆడి తేల్చాలి.

తెర అంచు మీద నాణేలు

నేను ఈ ఆటను మొదట చూసింది 2000ల తొలినాళ్లలో, అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నప్పుడు. అంతకుముందు నాకు తెలిసిన ఆర్కేడ్ అంటే మన ఊళ్లలోని వీడియో గేమ్ పార్లర్లే. అక్కడ అందరం ముస్తఫా అని పిలుచుకున్న క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ కూడా క్యాప్‌కామ్ వారిదేనని చాలా తర్వాత తెలిసింది. మా యూనివర్సిటీ స్టూడెంట్ సెంటర్‌లో బిలియర్డ్స్ బల్లలు దాటి వెళితే గోడవారగా ఒకే ఒక్క మార్వెల్ మెషీన్ ఉండేది. పాత్రలను ఎంచుకునే తెర మీద ఒక జాజ్ పాట మోగుతూ ఉంటుంది. పోట్లాటకు ఆ పాటేమిటని అప్పట్లో ఎందరో చిరాకుపడ్డారు. నాకు మొదటి రోజే నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

తెర కింది అంచు మీద క్వార్టర్ (పావు డాలరు) నాణేలు వరుసగా పెట్టి ఉండేవి. నీ నాణెం వంతు వచ్చినప్పుడు నువ్వు ఆడాలి, ఓడితే మళ్లీ చివర పెట్టుకోవాలి. ఎవరూ కాపలా కాయకపోయినా ఆ వరుస తప్పడం నేను చూడలేదు.

అక్కడ ఒక సెమిస్టర్ అంతా కేబుల్‌దే హవా. ఒక కుర్రాడు, మాట చాలా తక్కువ, కేబుల్‌తో అందరినీ ఓడించేవాడు. అతని పద్ధతి ఇది. ఎదుటివాడు అసిస్ట్‌ను పిలుస్తాడు. వచ్చిన పాత్ర తన దెబ్బ వేసి, తిరిగి బయటికి దూకే ముందు ఒక్క క్షణం ఠీవిగా నిలబడుతుంది. ఆ క్షణంలో దానికి ఏ రక్షణా లేదు. తెరకు అవతలి చివర ఉన్న కేబుల్ నేల విడిచి కొద్దిగా లేస్తాడు, తుపాకీ నుంచి కాంతిపుంజం తెరకు అడ్డంగా దూసుకొస్తుంది. దిగీదిగగానే మళ్లీ లేచి ఇంకొకటి, మీటర్ (పెద్ద దెబ్బలకు ఖర్చయ్యే శక్తి) మిగిలి ఉంటే మరొకటి. సాయానికి వచ్చినవాడూ, పిలిచినవాడూ కలిసి దెబ్బ తింటే దానికి హ్యాపీ బర్త్‌డే అని పేరు. అవతలివాడికి అది పండగే మరి. చేతులు జాయ్‌స్టిక్ మీదే ఉంటాయి, చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక కేబుల్‌ను ఎంచుకోకూడదని నియమం పెడదామన్నారు కొందరు. వాళ్ల బాధ నాకు అర్థమైంది, నేనూ అక్కడ ఓడినవాణ్నే. కానీ నియమం పెట్టే అధికారం ఎవరికీ లేదు, మెషీన్‌ను మార్చడమూ కుదరదు. దాంతో జనం ఆలోచించడం మొదలుపెట్టారు. అసిస్ట్‌ను అలవాటుగా పిలవడం మానేశారు. ముందు కేబుల్‌ను బ్లాక్ చేయక, అంటే దెబ్బను కాచుకోక, తప్పని స్థితిలోకి నెట్టి, అప్పుడే పిలవడం నేర్చుకున్నారు. ఒకమ్మాయి స్టార్మ్‌తో వచ్చి, నేల మీదకు దిగకుండా పైపైనే తిరుగుతూ కేబుల్‌ను ఇష్టమైన దూరంలో నిలబడనివ్వలేదు. ఆమె క్లాసు నోట్సు వెనక పేజీల్లో ఏ అసిస్ట్ తర్వాత ఏ దెబ్బ తగులుతుందో బాణం గుర్తులతో రాసుకునేది. అడిగిన ప్రతివాడికీ చూపించేది కూడా. సెమిస్టర్ ముగిసేసరికి ఆ మాట్లాడని కుర్రాడే కేబుల్‌ను జట్టులో మూడో స్థానానికి జరిపి, మాగ్నీటోను ముందు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు.

ఒక చిన్న గదిలో జరిగిన సంగతి ఇది. పెద్ద స్థాయిలోనూ ఇదే నడిచింది.

ఎవరు బలవంతులో తేలడానికి పట్టిన కాలం

ఆట వచ్చిన కొత్తలో ఆటగాళ్ల నోట ఎక్కువగా నానిన పేర్లు కేబుల్, డాక్టర్ డూమ్, స్పైరల్, బ్లాక్‌హార్ట్. దూరం నుంచి వస్తువుల వాన కురిపించి ఎదుటివాణ్ని కదలనివ్వని ఆట అది. స్ట్రైడర్ చుట్టూ తిరిగే గోళాలు, వాటికి తోడు డూమ్ రాళ్ల అసిస్ట్ కలిస్తే అందులోంచి బయటపడటం అసాధ్యమని అనుకున్నారు. 2001లోనే ప్యాచ్ అనేది ఉండి ఉంటే ఏం జరిగేదో ఒక్కసారి ఊహించండి. కేబుల్ కాంతిపుంజం సగానికి తగ్గేది. డూమ్ రాళ్లు నెమ్మదించేవి. స్పైరల్ కత్తులకు కత్తెర పడేది. అందరూ చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోయేవారు. మాగ్నీటో గురించి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఎందుకంటే మాగ్నీటో బలం బయటికి కనిపించేది కాదు, వేళ్లలో కూర్చోవలసింది. ఎగిరిన మరుక్షణమే ఏటవాలుగా కిందికి దూసుకొచ్చి కొడతాడు. దిగగానే కాళ్ల మీద ఒక తన్ను, లేకపోతే మళ్లీ ఎగిరి అదే దూకుడు. పైనుంచి వచ్చేదాన్ని నిలబడి ఆపాలి, కిందనుంచి వచ్చేదాన్ని వంగి ఆపాలి. మధ్యలో ఆలోచించే వ్యవధి లేదు. అంతటితో అయిపోలేదు. కాంబో, అంటే ఆగకుండా పడే దెబ్బల వరుస, సాగేకొద్దీ ఒక్కో దెబ్బ విలువ తగ్గుతుంది కాబట్టి, మంచి ఆటగాళ్లు కాంబోను కావాలనే మధ్యలో ఆపేసి, ఎదుటివాడు ఊపిరి తీసుకునేలోగా కొత్తగా మొదలుపెట్టడం నేర్చుకున్నారు. దీన్నే రీసెట్ అంటారు. ఒక పాత్ర చచ్చిపోతే తర్వాతి పాత్ర గాలిలోంచి లోపలికి వస్తుంది. అప్పుడు దాని చేత ఒక దెబ్బను బ్లాక్ చేయిస్తే, నేలకు దిగేదాకా అది మళ్లీ బ్లాక్ చేయలేదని కనిపెట్టారు. సెంటినెల్ ఎగిరే స్థితిలోకి వెళ్లి వెంటనే రద్దు చేసుకుంటే, అంత పెద్ద ఇనుప శరీరమూ దెబ్బ మీద దెబ్బ వేయగలదని కనిపెట్టారు. ఇవేవీ ఆటతో వచ్చిన పుస్తకంలో లేవు. తయారుచేసినవాళ్లు వీటన్నిటినీ తలపోసి పెట్టారంటే నేను నమ్మను.

2002 నుంచి 2010 దాకా ఏటా జరిగిన ఎవో అనే పెద్ద పోరాట ఆటల టోర్నమెంటులో ఈ ఆట తప్పకుండా ఉండేది. న్యూయార్క్ చైనాటౌన్ ఫెయిర్ ఆర్కేడ్‌లో ఎదిగిన జస్టిన్ వాంగ్ దాన్ని పదే పదే గెలిచాడు. 2005లో డక్ డో, 2007లో యైప్స్ అనే పేరుతో పిలిచే మైఖేల్ మెండోజా, 2009లో శాన్‌ఫర్డ్ కెల్లీ గెలిచారు. ఆ తొమ్మిదేళ్లలో ఆట ప్రోగ్రాములో ఒక్క అంకె మారలేదు. ఆడే తీరు మాత్రం మారుతూనే వచ్చింది. తొలి ఏళ్ల వీడియోలూ, చివరి ఏళ్ల వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లు ఇవి రెండు వేర్వేరు ఆటలనుకుంటారు. క్లాక్‌వర్క్ అనే పేరుతో ఆడే ఆటగాడు ఆ నలుగురిలో సెంటినెల్‌ను ఒక్కణ్నే తీసుకుని, స్ట్రైడర్‌నూ డూమ్‌నూ ఏళ్ల తరబడి నమ్ముకున్నాడు. అసాధ్యమనిపించిన పాత ఉచ్చు పనికిరానిది కాలేదు. అయితే దాన్ని నడపాలంటే పూర్వంకంటే ఎంతో ఎక్కువ నేర్పు కావలసి వచ్చింది.

సెంటినెల్‌కు జరిగింది

2011 ఫిబ్రవరిలో మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 వచ్చింది. అప్పటికి ఇళ్లలో టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లన్నీ ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నాయి, ప్యాచ్ పంపడం సులువైపోయింది. అందులో సెంటినెల్‌కు 13 లక్షల హెల్త్, అంటే దెబ్బలు తట్టుకునే శక్తి, ఇచ్చారు. కొద్ది దెబ్బలతోనే ఎదుటివాణ్ని పడగొడుతుంది, తను ఓ పట్టాన పడదు. గగ్గోలు మొదలైంది. కొన్ని వారాలు తిరగకుండానే క్యాప్‌కామ్ ఆ హెల్త్‌ను 9,05,000కు తగ్గించింది.

ఆ రోజు చాలామంది సంతోషించారు, కారణం నాకు తెలుసు. ఆన్‌లైన్‌లో పది మంది ఎదురైతే ఎనిమిది జట్లలో సెంటినెల్ కనిపిస్తున్నట్టు ఉండేది. అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. 13 లక్షల సెంటినెల్‌ను ఓడించే దారి ఉందా, లేదా? ఉంటే అది ఎవరి చేతుల్లో ఉండేది? వాళ్లు దాన్ని వెతకడం అప్పుడే మొదలుపెట్టారు. ప్యాచ్ రావడంతో వెతకవలసిన పనే లేకుండా పోయింది. నిజంగానే దారి లేకపోయి ఉండవచ్చు, ఆ అవకాశాన్ని నేను కాదనను. తెలుసుకునే వీలు లేకుండా పోవడమే నా బాధ.

అదే ఏడాది నవంబరులో అల్టిమేట్ పేరుతో కొత్త కూర్పు వచ్చింది, మొదటిది కొన్న తొమ్మిది నెలలకే. దాని మీద కొనుగోలుదారులకు కోపం వచ్చింది, రావలసిందే. ఆ తర్వాత జరిగింది మాత్రం నా వాదనకే బలమిస్తుంది. అల్టిమేట్‌లో బలాబలాల మార్పులు అక్కడితో ఆగిపోయాయి. ఆటను అలాగే వదిలేశారు. 2013లో ఎవోను ఫ్లాకర్ అనే ఆటగాడు జీరో అనే పాత్రతో గెలిచినప్పుడు ఇక ఆటంతా జీరోదే, ముగిసిపోయింది అన్నారు. 2015లో చిలీ దేశం నుంచి వచ్చిన కేన్‌బ్లూరివర్ అనే ఆటగాడు హల్క్, సెంటినెల్, హ్యాగర్‌లతో గెలిచాడు. ముగ్గురూ భారీకాయులే. 2017లో ర్యాన్ఎల్‌వీ అనే ఆటగాడు చున్-లీని ముందు పెట్టుకుని గెలిచాడు. చున్-లీ బలహీనురాలని అందరూ ఏనాడో తీర్మానించేశారు. ఎవరూ ఆమె హెల్త్ పెంచలేదు, వేగం పెంచలేదు. ఒక మనిషి ఏళ్లపాటు ఆమెను విడవకుండా ఆడాడు, అంతే.

మిగతా 52 మంది సంగతి

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం. ఇది ఏ విమర్శకుడి నోటి నుంచో కాదు, మా అక్క కొడుకు నోటి నుంచి విన్నాను. వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు సంకలనంలో ఈ ఆట పెట్టి చూపించాను. పాత్రల తెర చూసి వాడి ముఖం వెలిగిపోయింది. స్పైడర్‌మ్యాన్, ఐస్‌మ్యాన్, జిల్ వాలెంటైన్‌లను ఎంచుకున్నాడు. సినిమాల వల్ల ఒకరు, బొమ్మ నచ్చి ఇంకొకరు, రెసిడెంట్ ఈవిల్ ఆడి ఉండటం వల్ల మూడోవారు. నేను మాగ్నీటో, స్టార్మ్, సైలాక్‌లను తీసుకున్నాను.

ఆ ఆట ఎంతసేపో సాగలేదు. వాడు జాయ్‌స్టిక్ వదలకుండా తెరవైపే చూస్తూ అడిగాడు. "మామయ్యా, నాకిష్టమైనవాళ్లతో నేను ఎంత సాధన చేసినా నీ ముగ్గురిని గెలవలేనని ఈ ఆట చేసినవాళ్లకు తెలుసు కదా. మరి వాళ్లను ఎందుకు పెట్టారు?"

జవాబు చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది. వాళ్లకూ తెలియదురా అని చెప్పవచ్చు, అది నిజం కూడా. కానీ వాడి ప్రశ్నలోని నొప్పి అంతకన్నా పెద్దది. ఇది కలగలుపు ఆట. స్పైడర్‌మ్యాన్‌ను ర్యూ పక్కన నిలబెట్టి చూసుకోవాలన్న కోరికే జనాన్ని దీని దగ్గరికి తెస్తుంది. నీకు ఇష్టమైనవాడు ఇక్కడ ఉన్నాడు అని పిలిచి, ఉన్నాడు కానీ గెలవడు అనడం ఒక రకంగా మాట తప్పడమే. చదరంగంలో బంటు బలహీనంగా ఉందని ఎవరూ బాధపడరు, ఎందుకంటే బంటును ప్రేమించి ఎవరూ చదరంగానికి రారు. ఇక్కడ వస్తారు.

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఉన్నంతవరకు చెబుతాను. మొదటిది, ఆ 52 మందీ వృథాగా పోలేదు. సైలాక్, సైక్లాప్స్, క్యాప్టెన్ కమాండో ముందు నిలబడి పోరాడేవాళ్లుగా ఆ నలుగురి సాటి రారు. కానీ అసిస్ట్‌లుగా వాళ్లు లేకపోతే ఆ నలుగురి ఆటే సాగదు. నేను వాడి మీద ప్రయోగించిన జట్టులో సైలాక్ ఉన్నది అందుకే. పైనుంచి దూకేవాణ్ని ఆపే దెబ్బ ఆమెది, తగిలిన చోటి నుంచే మాగ్నీటో కాంబో మొదలవుతుంది. ఒంటరిగా తూచితే తేలిపోయే పాత్ర జట్టులో కీలకం కావడం ఈ ముగ్గురి పద్ధతి తెచ్చిన గొప్ప సంగతి. పాత్రలను ఒక్కొక్కరినే తీసి సరిచేసే ప్యాచ్ దీన్ని పట్టుకోలేదు. సైలాక్‌ను ముందు ఆడేందుకు పనికొచ్చేలా బలపరిచి ఉంటే ఆమె అసిస్ట్‌నూ తగ్గించి ఉండేవారు, మాగ్నీటో జట్టు నడుము విరిగేది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఆటగాళ్లే దీనికి మందు కనిపెట్టుకున్నారు. రేషియో పద్ధతిలో టోర్నమెంట్లు పెట్టుకున్నారు. ఒక్కో పాత్రకు ఇన్ని పాయింట్లని వెల కడతారు, జట్టు మొత్తం ఒక హద్దు దాటకూడదు. మాగ్నీటోను తీసుకుంటే మిగతా ఇద్దరినీ చవకవాళ్లలోంచి ఏరుకోవాలి. అప్పటిదాకా ఎవరి కంటా పడని అమింగో, రూబీ హార్ట్, సన్‌సన్‌ల గురించి జనం తలలు పగలగొట్టుకోవడం మొదలైంది. ఆట ప్రోగ్రాము మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దేవుళ్ల ఆట కావాలనుకున్నవాళ్లకు అదీ ఉంది, వెలకట్టిన ఆట కావాలనుకున్నవాళ్లకు ఇదీ ఉంది. ఏ పాత్రకు ఎంత వెల అన్నది ఆఫీసులో కూర్చుని వేసిన అంచనా కాదు, ఇరవై ఏళ్ల ఆటలోంచి తేలిన లెక్క. కంపెనీ ప్యాచ్ వచ్చినప్పుడు పాత ఆట మాయమై కొత్తది దాని స్థానంలో కూర్చుంటుంది. ఈ పద్ధతిలో ఏదీ మాయం కాదు.

మా వాడికి ఈ రేషియో సంగతి చెప్పాను. అయితే ముందు ఆ లెక్కతో ఆడదాం అన్నాడు. ఆ వారమంతా అలాగే ఆడాం. స్పైడర్‌మ్యాన్ అప్పుడు బాగానే గెలిచాడు. అయినా వాడి మొదటి ప్రశ్న న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను.

ఇదంతా యాదృచ్ఛికమే కదా

ఇంకో అభ్యంతరం ఉంది. క్యాప్‌కామ్ ఏదో సిద్ధాంతం కోసం ఈ ఆటను వదిలేయలేదు. ఆర్కేడ్ మెషీన్‌కూ, సెగా వారి డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ డిస్కుకూ ప్యాచ్ పంపే దారి అప్పట్లో లేదు. తర్వాత మార్వెల్ పాత్రల లైసెన్సు చేతులు కట్టేసింది. వదిలేసిన ఆటలు వందల్లో ఉన్నాయి, చాలావాటిని ఎవరూ తలుచుకోవడం లేదు. బతికిన ఒక్కదాన్ని చూపించి వదిలేయడమే మంచిదంటే ఎలా?

ఇది సరైన విమర్శ. వదిలేస్తే చాలు, ఏ ఆటైనా గొప్పదవుతుందని నేను అనడం లేదు. లోపల తవ్వడానికి ఏమీ లేని ఆటను ఎన్నేళ్లు వదిలేసినా లాభం లేదు. నేను చెప్పేది ఇంతే: తవ్వడానికి ఉందో లేదో తేలాలంటే సమయం కావాలి, ప్యాచ్ ఆ సమయాన్ని మింగేస్తుంది.

వదిలేయడమంటే పాడుబెట్టడమని కూడా నా అర్థం కాదు. 2009లో ఈ ఆట ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ ఆన్‌లైన్ దుకాణాల్లోకి వచ్చింది. లైసెన్సు గడువు తీరాక, 2013 చివరికి అక్కడి నుంచి మాయమైంది. రెండు కంపెనీల పాత్రలు కలిస్తే పుట్టిన ఆట కాబట్టి, ఒకరి కాగితం గడువు తీరగానే ఇద్దరి ఆటా అమ్మకంలో లేకుండా పోయింది. తర్వాత పదేళ్లపాటు పాత డిస్కులు ఉన్నవాళ్లకూ, వాటికి ఎక్కువ ధర పెట్టగలిగినవాళ్లకూ తప్ప న్యాయంగా కొనుక్కునే దారి దాదాపు లేదు. 2021లో అభిమానులు ఈ ఆటను విడిపించండి అంటూ ఉద్యమం నడిపారు. కొత్త సంకలనంలో ఆటను చూపించే తెర మెరుగైంది, సాధన చేసుకునే ఏర్పాటు వచ్చింది, ఇంటర్నెట్ ఆలస్యాన్ని కప్పిపుచ్చే రోల్‌బ్యాక్ వచ్చింది. ఇలాంటివి ఎన్ని సరిచేసినా నాకు సంతోషమే. ఆట దొరకకపోవడం నిజమైన లోపం. ఆడుతుంటే తెర ఆగిపోవడం నిజమైన లోపం. మాగ్నీటో వేగం అలాంటి లోపం కాదు.

మధ్యస్థంగా ఉండేవి కొన్ని ఉన్నాయి, ఒప్పుకుంటాను. జగర్‌నాట్ తన బలం పెంచుకునే శక్తిని వాడి సరైన సమయంలో బయటికి వెళ్లిపోతే, ఆ పెరిగిన బలం ఆటంతా అలాగే ఉండిపోతుంది. ఇది ప్రోగ్రాములో దొర్లిన తప్పేనని అనుమానం లేకుండా చెప్పవచ్చు. ఇవాళైతే మర్నాడే ప్యాచ్ వస్తుంది. కానీ ఆ తప్పు వల్లే జగర్‌నాట్‌ను ఎవరైనా పట్టించుకుంటున్నారు. పాత్ర నెమ్మది, శరీరం పెద్దది. ఆ తప్పు కూడా లేకపోతే అతను బొమ్మగా మిగిలిపోయేవాడు. తప్పు ఏదో, వరం ఏదో మొదటి నెలలోనే తేల్చేయడం ఎంత తొందరపాటో ఇక్కడే కనిపిస్తుంది.

చైనాటౌన్ ఫెయిర్ పక్క వీధిలో ఉన్నవాడికి ఏళ్ల తరబడి తవ్వుకునే భాగ్యం దక్కింది, మరి హైదరాబాదులోనో వరంగల్లులోనో ఉన్నవాడి సంగతేమిటని కొందరు అడుగుతారు. గురువులు లేని చోట ఆడేవాడికి కంపెనీ చేసే సర్దుబాటే కదా సాయం అని. 2003లో ఇది తిరుగులేని మాట. ఈ రోజు మా మేనల్లుడు రాత్రి పదకొండుకు ఇంట్లో కూర్చుని సింగపూర్‌లో ఉన్నవాడితో ఆడుతున్నాడు. అమెరికా పాత ఆటగాళ్లు రీసెట్లు నేర్పే వీడియోలు చూస్తున్నాడు. ఒక ఆర్కేడ్‌లో ఏడాది పట్టిన జ్ఞానం ఇప్పుడు ప్రపంచమంతా కలిసి వారంలో పంచుకోవచ్చు. సమాధానాలు వెతుక్కునే శక్తి ఆటగాళ్లకు ఎన్నడూ లేనంతగా ఉన్న కాలంలోనే, వెతికే గడువు ఎన్నడూ లేనంత తగ్గిపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

2025 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన ఎవోలో మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 మళ్లీ ప్రధాన ఆటల జాబితాలోకి వచ్చింది. విడుదలై 25 ఏళ్లు, ఆ జాబితా నుంచి తప్పుకుని 15 ఏళ్లు. పదేళ్ల కిందటి ఏ ఆటనైనా దాని మొదటి రోజు రూపంలో ఆడదామంటే ఇవాళ కన్సోల్‌లో దొరకడమే కష్టం. దీన్ని మాత్రం 2000లో ఎలా ఉందో అలాగే ఆడారు.

అదే ఏడాది మార్వెల్ తోకాన్ అనే కొత్త జట్టు పోరాట ఆటను ప్రకటించారు. తయారీ ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వారిది, ఈసారి జట్టుకు నలుగురు. స్టార్మ్ అందులోనూ ఉంది. నలుగురితో జట్లు కట్టినప్పుడు ఏం పుట్టుకొస్తుందో ఆ కంపెనీకి కూడా పూర్తిగా తెలిసే అవకాశం లేదు. మొదటి నెలలో ఎవరో ఒకరు అందరినీ చితకబాదుతారు, తగ్గించండి తగ్గించండి అని ఊరంతా అరుస్తుంది. మొదటి ఏడాది సర్వర్లు, ఆగిపోయే తెరలు, ఆన్‌లైన్ ఆలస్యం సరిచేయండి చాలు. హెల్త్ అంకెల మీద, దెబ్బల బలం మీద ఆ ఏడాది చేయి వేయకండి. ఆ తర్వాత కూడా భరించలేనిది ఏదైనా ఉంటే ఒకేసారి మార్చండి. మార్చే ముందు నాటి రూపాన్ని కూడా ఆడుకోవడానికి ఆటలోనే ఉంచండి.